మళ్లీ అదే తరగతా, పై తరగతికి పంపి నేర్పించడమా: మీ బిడ్డ విషయంలో ఎలా తేల్చుకోవాలి

ఏప్రిల్ వచ్చిందంటే పేరెంట్స్ మీటింగుల్లో ఈ మాట తప్పకుండా వినిపిస్తుంది. "సార్, వీడికేమీ రావట్లేదు. ఇంకో ఏడాది ఇదే క్లాసులో ఉంచేద్దామా?" కొన్నిచోట్ల తల్లిదండ్రులే అడుగుతారు. కొన్ని ప్రైవేటు స్కూళ్లలో యాజమాన్యమే పిలిచి చెబుతుంది: ఒప్పుకుంటే రిపీట్, లేదంటే టీసీ. ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు. అమ్మ ఒకటంటుంది, నాన్న ఇంకొకటంటాడు. ఎవరి గురించి మాట్లాడుతున్నారో ఆ పిల్లాడు మాత్రం పక్క గదిలో అన్నీ వింటూ ఉంటాడు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వెనకబడిన పిల్లల్లో చాలామందికి రిపీట్ అక్కర్లేదు. వాళ్లు ఎక్కడ ఆగిపోయారో అక్కడి నుంచి నేర్పే మనిషి కావాలి, అదీ రోజూ. రిపీట్ పనికొచ్చే సందర్భాలు లేకపోలేదు. అవి తక్కువ, ఎక్కువగా చిన్న వయసులోనే. వయసు పెరిగేకొద్దీ దానివల్ల లాభం తగ్గి నష్టం పెరుగుతుంది.

చట్టం ఏమంటుంది

స్కూలు వాళ్లు చెప్పిందే చట్టం అనుకుని చాలామంది తల ఊపేస్తారు. అందుకే ఇది తెలిసి ఉండాలి. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం, ఎనిమిదో తరగతి అయ్యేవరకు ఏ బిడ్డనూ ఏ తరగతిలోనూ ఆపకూడదంది. 2019లో దాన్ని సవరించారు. ఇప్పుడు ఐదో తరగతి, ఎనిమిదో తరగతి చివర పరీక్ష ఉంటుంది. తప్పితే ముందు అదనంగా బోధించాలి, ఫలితాలు వచ్చిన రెండు నెలల్లోపు మళ్లీ పరీక్ష పెట్టాలి. అందులోనూ తప్పితే ఆపాలా వద్దా అన్నది ఆయా ప్రభుత్వాల ఇష్టం. కేంద్ర ప్రభుత్వం తన పరిధిలోని కేంద్రీయ విద్యాలయాలు, నవోదయలు, సైనిక్ స్కూళ్లలో ఆపవచ్చని 2024 డిసెంబరులో నిబంధనలు ఇచ్చింది. అలా ఆపిన పిల్లల లోపాలేమిటో గుర్తించి, పిల్లలకూ తల్లిదండ్రులకూ దారి చూపాల్సిన బాధ్యత క్లాస్ టీచర్‌దే అని కూడా ఆ నిబంధనల్లో ఉంది.

అంటే మూడో తరగతిలోనో ఆరో తరగతిలోనో ఉన్న మీ బిడ్డను "డిటైన్ చేస్తున్నాం" అని స్కూలు తనంతట తాను చెప్పడానికి లేదు. ఎనిమిది పూర్తయ్యేదాకా బడి నుంచి పంపించేయడానికీ లేదు. అదే చట్టంలోని 24వ సెక్షన్ ప్రకారం ప్రతి పిల్లవాడికీ ఎంత వచ్చో అంచనా వేసి, అవసరమైన అదనపు బోధన అందించడం టీచర్ విధుల్లో ఒకటి. కాబట్టి రెమెడియల్ క్లాసు, అంటే వెనకబడిన పిల్లలకు విడిగా చెప్పే క్లాసు గురించి అడిగేటప్పుడు మొహమాటపడనక్కర్లేదు. తొమ్మిదో తరగతికి మాత్రం ఈ రక్షణ లేదు. అక్కడి సంగతి తర్వాత చెబుతాను.

ముందు ఎక్కడ ఆగాడో చూడండి

ప్రోగ్రెస్ కార్డు మీద సీ గ్రేడ్ చూసి నిర్ణయం తీసుకోకండి. మార్కులు పిల్లాడికి రాదని చెబుతాయి తప్ప ఏది రాదో చెప్పవు. ఓ ఆదివారం పొద్దున, తిట్లూ టెన్షనూ లేకుండా, అరగంట పక్కన కూర్చోండి.

రెండో తరగతి తెలుగు వాచకంలో ఒక పేరా చదివించండి. పిల్లాడు ఐదులో ఉన్నా ఏడులో ఉన్నా సరే, రెండో తరగతిదే. తడుముకోకుండా చదివితే చదవడం సమస్య కాదు. "పుస్తకం" అన్నచోట "పుసకం" అనీ, "చెట్టు" అన్నచోట "చెటు" అనీ చదువుతుంటే వత్తుల దగ్గర ఆగిపోయాడు. "కె", "కే" తేడా తెలియకపోతే గుణింతాల దగ్గరే ఉన్నాడు. ఇంకో రకం పిల్లలుంటారు, వాళ్లను కనిపెట్టడం కష్టం. గడగడా చదివేస్తారు, పుస్తకం మూసి "ఇందులో ఏం జరిగింది" అంటే బిక్కమొహం వేస్తారు. క్లాసులో విని విని పాఠం నోటికొచ్చేసిందన్నమాట. అందుకే పాఠ్యపుస్తకంలోది కాకుండా వాళ్లెప్పుడూ చూడని పేరా ఇంకొకటి ఇవ్వండి.

తర్వాత లెక్కలు. "మూడు వందల నాలుగు రాయి" అనండి. 3004 అని రాస్తే స్థాన విలువలు తెలియవు. 52లోంచి 27 తీసేయమనండి. 35 వేశాడనుకోండి. సరిగ్గా చూడండి, వాడు ఊరికే రాసిన అంకె కాదది. ఒకట్ల స్థానంలో 2లోంచి 7 పోదు కాబట్టి తిప్పేసి 7లోంచి 2 తీసి 5 వేశాడు, పదుల్లో 5లోంచి 2 తీసి 3 వేశాడు. తనకు తోచిన పద్ధతి ఒకటి పెట్టుకుని ప్రతిసారీ అలాగే చేస్తున్నాడు. పక్కనుంచి పది తెచ్చుకోవడం ఎవరో ఒకరు పుల్లలతోనో పది రూపాయల నోట్లతోనో చూపించి నేర్పిస్తే ఆ తప్పు పోతుంది. ఆరో తరగతి రెండుసార్లు చదివించినా పోదు, ఎందుకంటే ఆరో తరగతిలో తీసివేతను మొదటి నుంచి నేర్పరు.

రిపీట్ గురించి నా ప్రధానమైన అభ్యంతరం ఇక్కడే ఉంది. ఏడో తరగతి పిల్లాడు రెండో తరగతి స్థాయిలో ఆగిపోతే, ఏడో తరగతి మళ్లీ చదివితే వాడికి ఒరిగేదేమిటి? నిరుడు అర్థం కాని పాఠం ఈసారి కూడా అదే వేగంతో, అదే టీచర్ నోట వింటాడు. మధ్యలో స్నేహితులు మాత్రం పై క్లాసుకి వెళ్లిపోయి ఉంటారు. పైగా ఇది ఒకరిద్దరు పిల్లల సంగతి కాదు. పిల్లలకు చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చో ఇంటింటికీ వెళ్లి చూసే అసర్ సర్వే 2024 ప్రకారం దేశంలో గ్రామీణ ప్రాంతాల ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 48.8 శాతమే. సగం మందిని వెనక్కి కూర్చోబెట్టే బడి ఎక్కడా ఉండదు.

ఇంకొక్క పరీక్ష, మన దగ్గర ఇప్పుడు చాలా అవసరమైనది. రెండు రాష్ట్రాల్లో ప్రభుత్వ బడులు కూడా ఇంగ్లీషు మీడియంలోకి మారాయి. లెక్కల్లో సున్నా తెచ్చుకున్న పిల్లకు అదే లెక్క నోటితో తెలుగులో చెప్పి చూడండి. చిటికెలో చెబితే ఆమెకు లెక్కలు వచ్చు, రానిది భాష. ఒకవైపు తెలుగు, ఒకవైపు ఇంగ్లీషు ఉన్న పాఠ్యపుస్తకాలు ఇచ్చింది అందుకే. తెలుగు పేజీ ముందు చదివించి తర్వాత ఇంగ్లీషు పేజీ తెరిపించండి. ఇలాంటి పిల్లను ఆపేయడం అన్యాయం.

రిపీట్ ఎప్పుడు పనికొస్తుంది

యూకేజీ దగ్గర వయసు సరిపోకపోతే. మన దగ్గర ఐదేళ్లు నిండీ నిండకుండానే ఒకటో తరగతిలో వేసేస్తుంటారు. జాతీయ విద్యావిధానం ఒకటికి ఆరేళ్లు అంటోంది. క్లాసులో అందరికంటే పది నెలలు చిన్నదై, పెన్సిల్ పట్టడం, ఒకచోట కూర్చోవడం ఇంకా కుదరని పిల్లను మరో ఏడాది యూకేజీలో ఉంచితే నష్టం దాదాపు ఉండదు. ఆ వయసులో వాళ్లకు పరువు బాధ కూడా అంతగా తెలియదు.

రెండోది, పిల్లాడు అసలు బడికే రాని ఏడాది. పెద్ద జబ్బు చేసో, ఇంట్లో ఏదో జరిగో ఆర్నెల్లు పైగా బడి పోయింది, అంతకుముందు వరకు బాగానే చదివేవాడు. అప్పుడు వాడికి ఆ తరగతి పాఠం మళ్లీ వచ్చిందనడానికి లేదు, మొదటిసారి వచ్చినట్టే. ఇక్కడ రిపీట్‌కు అర్థం ఉంది, ముఖ్యంగా ప్రాథమిక తరగతుల్లో. బడి మారేటప్పుడు చాలామంది ఇలా ఒక తరగతి కింద చేర్పిస్తుంటారు కూడా. అయితే తెలివైన పిల్లాడైతే వేసవి సెలవుల్లో గట్టిగా కూర్చోబెడితే ఏడాది పోకుండానే అందుకోగలడు. ముందు అది ప్రయత్నించి చూడండి.

వలస వెళ్లే కుటుంబాల పిల్లలది వేరే కథ. పాలమూరు నుంచో, ఆదోని వైపు నుంచో పనుల కోసం కుటుంబమంతా వెళ్లిపోతే ప్రతి ఏడాదీ నాలుగైదు నెలల చదువు పోతుంది. రిపీట్ చేయిస్తే వచ్చే ఏడాది మళ్లీ అదే జరుగుతుంది. వాళ్లకు కావాల్సింది సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ పథకం కింద నడిచే సీజనల్ హాస్టల్. తల్లిదండ్రులు వెళ్లినా పిల్లాడు ఊళ్లోనే ఉండి బడికి వెళ్తాడు.

అసలు బడి ముఖమే చూడని పిల్లలను కూడా వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చవచ్చని మన నేల మీదే రుజువైంది. 1990లలో రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ పనిలోకి వెళ్లే పిల్లలను తీసుకొచ్చి బ్రిడ్జి కోర్సు శిబిరాల్లో ఉంచి, కొన్ని నెలలు చదువు నేర్పి, తోటి వయసువాళ్ల తరగతిలో కూర్చోబెట్టింది. పన్నెండేళ్ల పిల్లను ఒకటో తరగతిలో కూర్చోబెడితే వారం కూడా నిలవదని వాళ్లకు తెలుసు. ఆ సంస్థను నడిపిన శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. తర్వాత విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షన్‌లో ఇదే పద్ధతి చేరింది: వయసుకు తగ్గ తరగతి, పక్కనే ప్రత్యేక శిక్షణ. పలక పట్టని పిల్లలకే అది సాధ్యమైనప్పుడు, రోజూ బడికొస్తూ వెనకబడిన పిల్లలకు ఎందుకు కాదు?

అసలైన రెమెడియల్ క్లాసు ఎలా ఉంటుంది

ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. పై తరగతికి పంపేసి "ట్యూషన్ పెట్టించాం" అనుకుంటే సరిపోదు. సాయంత్రం ట్యూషన్లలో ఎక్కువ భాగం జరిగేది ఆ రోజు హోంవర్క్ పూర్తి చేయించడం. ఆరో తరగతి ప్రశ్నకు జవాబు గైడ్‌లో చూసి రాయిస్తారు. తీసివేత రాని పిల్లాడు తీసివేత రాకుండానే ఇంటికొస్తాడు, నోట్సు మాత్రం నిండి ఉంటుంది. క్లాస్ టీచరే తన ట్యూషన్‌కు పంపమంటే, విద్యాహక్కు చట్టంలోని 28వ సెక్షన్ టీచర్లు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదంటోందని గుర్తుంచుకోండి.

సరైన రెమెడియల్ క్లాసులో పిల్లలు తరగతిని బట్టి కాకుండా వాళ్లకు వచ్చినదాన్ని బట్టి కూర్చుంటారు. నాలుగో తరగతి, ఆరో తరగతి పిల్లలు వత్తుల దగ్గరే ఉంటే ఇద్దరూ ఒకే గుంపు. పది పదిహేను మందికి మించరు. సిలబస్ పక్కనపెట్టి రోజూ గంటసేపు చదవడం, లెక్కలు, అంతే. కొన్ని వారాలకోసారి మళ్లీ చూసి, వచ్చినవాళ్లను పై గుంపుకు మారుస్తారు. 2000 తర్వాత తొలి ఏళ్లలో ముంబయి, వడోదరల్లో ప్రథమ్ సంస్థ ఇలాగే చేసింది. మూడు, నాలుగు తరగతుల్లో వెనకబడిన పిల్లలను రోజుకు రెండు గంటలు క్లాసు నుంచి బయటికి తెచ్చి, ఆ బస్తీకే చెందిన యువతులతో చదువు చెప్పించింది. తర్వాత నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డుఫ్లో దాన్ని కొలిచారు. అందరికంటే ఎక్కువ లాభపడింది అట్టడుగున ఉన్న పిల్లలే. వాళ్ల కొలతల్లో ఇంకో సంగతి కూడా తేలింది: కార్యక్రమం ఆగిపోయిన ఏడాదికి ఆ లాభంలో చాలా భాగం కరిగిపోయింది. అందుకే రెండు నెలలు చేసి మానేస్తే కుదరదు. చదవడం పట్టుబడ్డాక కూడా కథల పుస్తకాలో, పేపరో ఏదో ఒకటి రోజూ చేతిలో ఉండాలి.

తెలంగాణలో 2022లో మొదలైన తొలిమెట్టు ఇలాంటి ఆలోచనతో వచ్చిందే. ఒకటి నుంచి ఐదు వరకు చదవడం, రాయడం, లెక్కల మీద పెట్టిన కార్యక్రమం అది. మీ బడిలో ఇలాంటివి పేరుకు ఉన్నాయా, నిజంగా రోజూ జరుగుతున్నాయా అన్నది హెచ్‌ఎంను అడిగితే తెలుస్తుంది. అంతకంటే పిల్లాడినే అడిగితే ఇంకా బాగా తెలుస్తుంది.

ఏడు, ఎనిమిది, తొమ్మిది

ఈ వయసులో రిపీట్ చేయించాలనుకుంటే నేను గట్టిగా వద్దంటాను. అమెరికాలోని షికాగోలో 1990ల మధ్య నుంచి మూడు, ఆరు, ఎనిమిది తరగతుల్లో పరీక్ష తప్పినవాళ్లను ఆపడం మొదలుపెట్టారు. బ్రయన్ జేకబ్, లార్స్ లెఫ్‌గ్రెన్ అనే ఆర్థికవేత్తలు ఆ పిల్లలను ఏళ్ల తరబడి గమనించి 2009లో ఫలితాలు ప్రచురించారు. చిన్న వయసులో ఆగినవాళ్లు హైస్కూలు పూర్తిచేయడంలో పెద్దగా తేడా లేదు. ఎనిమిదిలో ఆగినవాళ్లలో మాత్రం చదువు మానేసినవాళ్లు పెరిగారు. రిపీట్‌ను సమర్థించేవాళ్లు ఫ్లోరిడా మాట ఎత్తుతారు. అక్కడ 2002 చట్టం తర్వాత మూడో తరగతిలో ఆగిన పిల్లల చదువు మెరుగుపడిన మాట నిజం. కానీ వాళ్లకు వేసవి చదువు శిబిరాలు, మంచి టీచర్లు, రోజూ 90 నిమిషాల చదివే సమయం కూడా ఇచ్చారు. మన బడుల్లో రిపీట్ అంటే ఇవేవీ ఉండవు, ఉత్త ఏడాదే.

మన ఇళ్లలో ఇంకో భయం ఉంది. ఎనిమిదిలో ఆగిన అమ్మాయికి "చదువు ఎక్కట్లేదు కదా" అని సంబంధాలు చూడటం మొదలవుతుంది. అబ్బాయి మెకానిక్ షెడ్డుకో, సెంట్రింగ్ పనికో వెళ్తాడు. ఒక్కసారి సంపాదన చేతికొస్తే మళ్లీ బల్ల మీద కూర్చోవడం కష్టం. బడి మానేసిన అమ్మాయిలకు కేజీబీవీలు (కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు) ఉన్నాయి, హాస్టల్‌తో సహా. కానీ మానేదాకా తెచ్చుకోవడమెందుకు?

తొమ్మిదిలో కొన్ని ప్రైవేటు స్కూళ్లు పిల్లలను ఆపేది తమ పది ఫలితాల శాతం కోసం. వాళ్లు పైకి చెప్పే కారణం వేరేగా ఉంటుంది. ఒప్పుకునే ముందు లెక్క వేసుకోండి. పదిలో ఒకటి రెండు సబ్జెక్టులు తప్పినా అదే వేసవిలో అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ రాసి ఏడాది పోకుండా బయటపడవచ్చు. తొమ్మిది రిపీట్ చేస్తే ఏడాది ఖాయంగా పోతుంది. కాబట్టి తొమ్మిదిలో లెక్కలు తప్పిన పిల్లాడికి ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం దాకా సెలవుల్లో భిన్నాలు, రుణ సంఖ్యలు, సమీకరణాలు అడుగు నుంచి చెప్పించి పదికి పంపడమే మేలు. స్కూలు ససేమిరా అంటే దగ్గర్లోని జిల్లా పరిషత్ హైస్కూల్లో కనుక్కోండి. ఏ దారీ కుదరని పరిస్థితిలో ఓపెన్ స్కూల్ పది ఉంది. సబ్జెక్టులను విడివిడిగా, తన వేగంతో రాసుకోవచ్చు.

రిపీట్ చేస్తే మూసుకుపోయే దారులు

ఇవి ఎవరూ ముందు చెప్పరు. నవోదయ ఆరో తరగతి ప్రవేశ పరీక్ష ఐదు చదువుతున్నప్పుడు ఒక్కసారే రాయాలి. ఐదు రిపీట్ చేసే పిల్లలకు అర్హత లేదు. గురుకులాల ప్రవేశాలకు వయసు పరిమితి ఉంటుంది, ఆ లెక్క చూసుకోవాలి. ఎస్సీ విద్యార్థుల కేంద్ర ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్ ఒక తరగతికి ఒక ఏడాదే ఇస్తారు, రిపీట్ ఏడాదికి రాదు. ఎనిమిదిలో పరీక్ష రాసి తెచ్చుకునే కేంద్ర ప్రభుత్వ ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ వచ్చిన పిల్లలకు తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏటా 12,000 రూపాయలు అందుతుంది. అయితే తొమ్మిది నుంచి పదికి మొదటిసారే పాసై వెళ్లాలి. ప్రైవేటు బడి అయితే ఇంకో ఏడాది ఫీజు మీకు తెలిసిందే. ఆ డబ్బుతో రోజూ గంటసేపు చెప్పే, డీఎడ్ (టీచర్ ట్రైనింగ్) చదివిన అమ్మాయినో అబ్బాయినో ఏడాది పొడవునా పెట్టుకోవచ్చు.

రెండూ పనిచేయని చోట

కొందరు పిల్లలకు రిపీట్ చేయించినా, రోజూ నేర్పినా మార్పు కనిపించదు. అప్పుడు ముందు కళ్లు, చెవులు చూపించండి. వెనక బెంచీ పిల్లకు బోర్డు కనబడక రెండేళ్లు పోయిన సందర్భాలున్నాయి. అవి బాగుండి, మాటల్లో చురుగ్గా ఉండి, చదవడంలోనో రాయడంలోనో మాత్రం వయసుకు పొంతన లేకుండా తడబడుతుంటే డిస్లెక్సియా వంటి అభ్యసన వైకల్యం కావచ్చు. 2016 వికలాంగుల హక్కుల చట్టం దీన్ని గుర్తించింది. సర్టిఫికెట్ ఉంటే పరీక్షల్లో వెసులుబాట్లు ఉంటాయి. మండల కేంద్రంలోని భవిత కేంద్రంలో ఉండే ప్రత్యేక టీచర్లను కలవండి, వాళ్లు జిల్లా ఆసుపత్రికి దారి చెబుతారు. ఇలాంటి పిల్లాడిని బద్ధకస్తుడని ఒక తరగతి ఆపేస్తే, వాడి తప్పు కానిదానికి శిక్ష వేసినట్టవుతుంది.

మీటింగ్‌లో అడగాల్సినవి

స్కూలు రిపీట్ అంటే ఒకే ప్రశ్న అడగండి: వచ్చే ఏడాది వీడికి మీరు వేరేగా ఏం చేస్తారు? ఎవరు చెబుతారు, రోజులో ఏ పీరియడ్‌లో, ఏ పుస్తకంతో? జవాబు ఉంటే ఆలోచించండి. "బాగా ప్రాక్టీస్ అవుతుందండీ" అన్న మాటతో సరిపెడితే ఒప్పుకోకండి. పై తరగతికి పంపుతామన్నా ఇవే ప్రశ్నలు అడగాలి. ఉత్తినే పంపేయడం కూడా పిల్లాడిని వదిలేయడమే. ఇప్పుడు ఎక్కడున్నాడు, దసరా సెలవుల నాటికి ఎక్కడుండాలి అన్నది ఒక కాగితం మీద రాయించుకుని క్లాస్ టీచర్, మీరు ఇద్దరూ సంతకం పెట్టండి. వాళ్లు చేయకపోతే మీరే రాసి ఇవ్వండి.

పిల్లాడికి కూడా చెప్పాలి, వాడు లేనప్పుడు నిర్ణయించి స్కూలు తెరిచిన రోజు తెలిసేలా చేయకండి. "నీకు తీసివేతలో పది తెచ్చుకోవడం రాలేదు, అది నేర్చుకుందాం" అని ఏది రాదో పేరు పెట్టి చెప్పండి. "నీకు చదువు రాదు" అన్న మాట వాళ్లు పెద్దయ్యాక కూడా నమ్ముతారు.

జూన్‌లో మొదలుపెట్టి సెప్టెంబరులో ఆ ఆదివారం పరీక్షే మళ్లీ పెట్టండి. అదే పేరా వద్దు, అదే స్థాయిలో వేరేది తీసుకోండి. వత్తులు తడబడకుండా వస్తున్నాయంటే అలాగే కొనసాగించి పై మెట్టుకు వెళ్లండి. కొంచెమే మారితే గుంపునో, చెప్పే మనిషినో, సమయాన్నో మార్చి చూడండి. రోజూ గంట కూర్చున్నా మూడు నెలల్లో ఏమీ కదలకపోతే మాత్రం ఇంకో ఏడాది చూద్దాం అనుకోకుండా ఆ వారంలోనే భవిత కేంద్రానికి తీసుకెళ్లండి.